గంధకం సారు సమాధి

ఆళ్లగడ్డలో సైన్సు టీచరుగా పని చేసినన్నేళ్లూ, పంటల తెగుళ్ల పాఠం వచ్చినప్పుడల్లా నేను పుస్తకం మూసి పిల్లలకు ఒకాయన గురించి చెప్పేదాన్ని. తెల్లదొరల కాలంలో ఆయన నంద్యాలకు ఉద్యోగం మీద వచ్చాడు. మొక్కల రోగాలు చదివిన మనిషి. అప్పట్లో మా నల్లరేగడి పొలాల్లో జొన్నకు కాటుక తెగులు తగిలేది. దూరం నుంచి చూస్తే కంకి నిండుగానే ఉంటుంది. చేతిలోకి తీసుకుని నలిపితే పిండి ఉండాల్సిన చోట నల్లటి పొడి. కోతకు పోయిన ఆడవాళ్లు సాయంత్రానికి మొహాలు నల్లగా చేసుకుని ఇళ్లకు వచ్చేవారు. అమ్మవారికి కోపం వచ్చిందని ఊళ్లన్నీ పొట్టేళ్లను కోసేవి. ఈయన వచ్చి, రోగం చేలో లేదు, మీరు దాచుకున్న విత్తనం మీదే ఉందన్నాడు. కుండలో విత్తనం పోసి, కాస్త గంధకం పొడి వేసి, మూతి కట్టి బాగా ఊపి విత్తుకోమన్నాడు. అంతే మందు. ఊరూరూ తిరిగి, కల్లాల దగ్గర కూర్చుని, తన చేత్తోనే కుండ ఊపి చూపించాడు. జనం ఆయనకు పెట్టుకున్న పేరు గంధకం సారు.

నాకు ఈ సంగతులు చెప్పింది మా జేజి, మా నాయన తల్లి. శిరివెళ్ల దగ్గర మా ఊళ్లో ఆయన మొదటిసారి గంధకం పెట్టిన విత్తనం వేయించింది మా పొలంలోనే. జేజి అప్పటికి కొత్త కోడలు. ఆమె మామ, "మా అమ్మవారి కంటే నీ పొడి గొప్పదా" అని ఎగతాళిగానే చేను ఇచ్చాడట. సారు చేను మధ్యలో తాడు పట్టించి, ఒక సగంలో గంధకం పట్టించిన విత్తనం, ఇంకో సగంలో మామూలు విత్తనం వేయించాడు. కంకి పాలు పోసుకుని ముదిరేసరికి తాడుకు ఇటుపక్క పచ్చటి గింజ, అటుపక్క కాటుక. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు బండ్లు కట్టుకుని వచ్చి చూసి పోయారు.

పిల్లలకు నేను చెప్పింది ఇక్కడి వరకే, చివర్లో ఆయన సమాధి నంద్యాలలో ఉందని ఒక మాట. జేజి చెప్పింది ఇంకొంచెం ఉంది. పొలానికి వచ్చిన ప్రతిసారీ ఆయన మా వాకిట్లో దాహం అడిగేవాడు. ఆయన పుట్టిన కులాన్ని మా వాళ్లు గడప తొక్కనిచ్చేవారు కాదు. జేజి అరుగు మీద నిలబడి చెంబుతో ఎత్తి పోసేది. ఆయన కింద వంగి దోసిలి పట్టేవాడు. "సొక్కా అంతా తడిసిపోయేది మే, పాపం" అని జేజి నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. అప్పటికి నాకు తొమ్మిదో పదో ఏళ్లు. టీచరునయ్యాక ఆ ముక్క ఒక్కటి ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. క్లాసులో ఆ కులాల పిల్లలు ఉండేవారు. మా బంధువుల పిల్లలూ ఉండేవారు. నాకు ఇద్దరి మొహాలూ చూసే ధైర్యం లేకపోయింది.

నిరుడు నేను రిటైరైన రోజు బడిలో చిన్న మీటింగు పెట్టారు. చాగలమర్రి దగ్గర సేద్యం చేసుకుంటున్న నా పాత విద్యార్థి ఒకతను లేచి, "టీచర్, గంధకం సారు కత మాకు ఎన్నిసార్లు చెప్పినారో. ఆయప్ప సమాధి నంద్యాల్లోనే ఉందంటిరి కదా. యాడుంది? మా పిల్లోళ్లకు చూపించల్ల" అన్నాడు.

సారు నంద్యాలలోనే జ్వరం వచ్చి పోయాడని, అక్కడి కిరస్తానీ సమాధుల తోటలో పూడ్చారని జేజి చెప్పింది. ఆ మాట నేను ఏళ్ల తరబడి పిల్లలకు అప్పజెప్పాను గానీ ఒక్కసారీ పోయి చూడలేదు. చీరలు కొనడానికి నంద్యాలకు పోయాను, పళ్ల డాక్టరు దగ్గరికి పోయాను, పెళ్లిళ్లకు పోయాను. గౌరవం అంటూ క్లాసులో మాట్లాడిందంతా నోటిమాటే అని ఆ రోజు శాలువా కప్పుకుని కూర్చున్నప్పుడు తెలిసొచ్చింది.

మాఘమాసంలో ఒక ఉదయం బయల్దేరాను. దారిలో దిగి మా అన్న దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు మా వైపు అందరూ శనగే వేస్తున్నారు. అన్న మాత్రం పశువులకు చొప్ప కోసమని ఎకరా జొన్న వేస్తాడు. రెండు మంచి కంకులు కోయించుకుని, కాగితంలో చుట్టుకుని మళ్లీ బస్సెక్కాను.

సమాధుల తోట గేటుకు తాళం ఉంది. పక్క సందులోంచి కావలి ముసలాయన వచ్చి తీశాడు. నేను సారు పేరు చెప్పాను.

"ఆ పేరు నేను యాడా ఇనలేదమ్మా. మీకేమైతాడు?"

"ఏమీ కాడు. పాతకాలం నాటి వ్యవసాయ శాఖ ఆయన."

ముసలాయన కాసేపు ఆలోచించి, "ఓ, జొన్న కంకి గోరీనా?" అన్నాడు. బండ మీద జొన్న కంకి చెక్కి ఉండేదట. తుమ్మ కంపలు పక్కకు తోసుకుంటూ గోడ వారకు తీసుకుపోయాడు. అక్కడ మోకాలి ఎత్తు ఇటుకల దిమ్మె ఉంది. పైన బండ లేదు. ఇటుకల మధ్య గడ్డి మొలిచింది. ఎవరో తాగి పారేసిన సీసాలు రెండు ఉన్నాయి.

"బండ యాడ పెద్దాయనా?"

ఆయన కూలిన గోడ సందులోంచి బయటికి చెయ్యి చూపించాడు. "ఆ కాలవ మీదుండేదే. మురుగుకాలవ తవ్వేటప్పుడు ఈ గోడ పడిపోయింది. బండ జారి ఆడ పడింది. పనోళ్లు దాన్నే తిప్పి కాలవ మీద ఏసినారు. నేను వద్దంటే ఎవురింటారమ్మా? కాలవ ఏయించేటోడు కారు కూడా దిగలేదు."

బయటికి వెళ్లి చూశాను. మురుగుకాలవకు అడ్డంగా పెద్ద నల్లరాయి పరిచి ఉంది. అది ఒక విత్తనాలు, పురుగుమందుల దుకాణానికి దారి. నేను చూస్తుండగానే మోటారు సైకిలు మీద ఒకతను దాని మీదుగా పోయి, దుకాణం ముందు ఆపి, మందు పట్టించిన విత్తనాల ప్యాకెట్లు సంచిలో వేసుకుని మళ్లీ దాని మీదుగానే తిరిగి వెళ్లాడు. చక్రం ఎక్కినప్పుడల్లా బండ కింద నుంచి లొటలొటమని చప్పుడు.

నేను ఆ బండ పక్కన నిలబడి, వచ్చిన రెండో బండిని చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాను. దుకాణదారు బయటికి వచ్చాడు. నలభై ఏళ్లు ఉంటాయేమో, మర్యాదగానే ఉన్నాడు.

"ఏందమ్మా, ఏం కావల్ల?"

"ఇది సమాధి మీది రాయి. దీని మీద బండ్లు పోతాండాయి."

"అయితే మేమేం చేసేది? మేం పెట్టలేదే. కాలవ తవ్వినోళ్లు పెట్టిపోయినారు. ఇది తీస్తే గిరాకీ ఎట్ల లోపలికొస్తాది?"

"మీకు తెలుసా ఇది ఎవరిదో?"

"కింద ఏమో రాతలుండాయని ఇన్నాలే."

తెలుసు! తెలిసే తొక్కుతున్నారు! నాకు ఒళ్లు మండిపోయింది. ఆఖరి బెంచీలో అల్లరి చేసే పిల్లాడి మీద కూడా నేను అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. నీ దుకాణంలో విత్తనానికి మందు పట్టించి అమ్ముతున్నావు కదా, ఈ జిల్లాలో ఆ పని మొదట నేర్పించినాయన నెత్తిన బండ్లు తోలుతున్నావు కదా అన్నాను. జనం పోగయ్యారు. ఒకాయన "ఎవరమ్మా, మీ సుట్టమా?" అని అడిగాడు. చుట్టమైతేనే కోపం రావాలి అన్నట్టు. దుకాణదారు తల గోక్కుని, "కాలవ మీద ఇంకోటి ఏయించుకునేదాకా టైమియ్యమ్మా" అన్నాడు. వారం ఇచ్చాను. తెచ్చిన కంకులు దిమ్మె మీద పెట్టి, ముసలాయనకు నా ఫోన్ నంబరు రాసిచ్చాను.

అక్కడి నుంచి నేరుగా సారు పని చేసిన శాఖ వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. లోపల కూర్చున్న అధికారి చిన్నవాడు. మొక్కల రోగాల మీదే పెద్ద చదువు చదివాడని గోడ మీద పటం కట్టించి పెట్టుకున్నాడు. నేను చెప్పిందంతా విని, "మా రికార్డుల్లో అటువంటి పేరు లేదు మేడమ్" అన్నాడు. రికార్డులు చూశారా అంటే, పాతవి చెదలు తిన్నాయన్నాడు. అయినా సమాధులు మా శాఖ కిందికి రావు, అర్జీ ఇస్తే పైకి పంపిస్తానన్నాడు. కాటుక తెగులు గురించి అడిగితే మాత్రం చక్కగా చెప్పాడు. దాని లాటిన్ పేరు చెప్పాడు, విత్తనశుద్ధి గురించి చెప్పాడు. అదంతా తనకు ఎవరి వల్ల వచ్చిందన్న ఆలోచన ఆ మొహంలో ఎక్కడా లేదు. చదువు ఇలా కూడా ఉంటుందా అనుకుంటూ మెట్లు దిగాను. అర్జీ ఇచ్చాను. ఇప్పటికీ జవాబు లేదు.

వారం తర్వాత అన్న ట్రాక్టరు తీసుకుని వచ్చాడు. దుకాణదారు మాట నిలబెట్టుకున్నాడు, కాలవకు సిమెంటు పలక వేయించాడు. గడ్డపారలతో బండ లేపుతుంటే మధ్యలో ఉన్న పగులు విడిపోయి అది రెండు ముక్కలైంది. అన్న ట్రాలీలో గడ్డి పరిచి, రెండు ముక్కలూ పడుకోబెట్టించాడు. ఆళ్లగడ్డకు తెచ్చాం.

ఆళ్లగడ్డలో శిల్పుల పని మా చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. నాకు తెలిసిన శిల్పి ఒకాయన ఉన్నాడు, ఆయన కూతురు నా దగ్గరే చదువుకుంది. ఆయన ఆవరణలో ఒకపక్క దేవుళ్లు, ఒకపక్క నాయకులు. నాయకుల విగ్రహాలు కొన్నింటికి ఒళ్లు పూర్తయింది, తలలు ఇంకా చెక్కాలి. ఆయన బండ ముక్కల మీద నీళ్లు పోసి, కొబ్బరి పీచుతో రుద్దాడు. బురద పోయి అక్షరాలు తేలాయి. రాతలున్న వైపు కిందికి ఉండడం వల్ల అంతగా అరగలేదు. పైన జొన్న కంకి. దాని కింద సారు పేరు. ఆ కింద, ఈ రాయి రైతులు వేయించారని ఒక వరస. దాని కింద ఊళ్ల పేర్లు.

నాకు గుండె నిండిపోయింది. ప్రభుత్వం వేసిన రాయి కాదది. వెలుగోడు వైపు ఊళ్లు, చాగలమర్రి వైపు ఊళ్లు, శిరివెళ్ల చుట్టుపక్కల ఊళ్లు, తలా కొంత వేసుకుని వేయించిన రాయి. శిల్పి వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదువుతున్నాడు. అన్న ముందుకు వంగి వింటున్నాడు. పేర్లు అయిపోయాయి.

"మన ఊరు?" అన్నాడు అన్న.

శిల్పి మళ్లీ మొదటి నుంచి చదివాడు. లేదు.

"చెక్కేటోడు మర్సిపోయింటాడు" అన్నాడు అన్న.

"మర్చిపోలేదన్నా. మనవాళ్లు ఇవ్వలేదు."

"నీకెట్ల తెలుసు?"

నాకు తెలుసని కాదు. కానీ గడప తొక్కనివ్వని మనిషికి మా ముత్తాత సమాధి రాయి వేయిస్తాడని నమ్మడానికి నాకు మనసు రాలేదు. చెంబు సంగతి అన్నకు కూడా తెలుసు. ఇద్దరం జేజి పక్కనే కూర్చుని విన్నాం. నేను దాన్ని గుర్తు చేస్తే, "అప్పటి కాలం అట్లుండె మే. ఇప్పుడు తవ్వుకుంటే ఏమొస్తాది?" అన్నాడు. కాలం, కాలం. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ కాలంలోనే ఉన్నాయి కదా. ఆ ఊళ్ల వాళ్లు ఆయనకు ఎలా నీళ్లు పోశారో నాకు తెలియదు. రాయి మటుకు వేయించారు. మొదట ఫలితం కళ్లజూసిన మా ఇల్లు ఆ పాటి కూడా చెయ్యలేదు.

అడుగున చేతి వెడల్పు ఖాళీ ఉంది. అన్న దాన్ని చూపించి శిల్పితో, "ఈడ మా ఊరి పేరు చెక్కప్పా" అన్నాడు.

నేను వద్దన్నాను.

"ఎందుకొద్దు? మన చేన్లోనే కదా మొదలైంది. రేపు జనం సూస్తే ఏమనుకుంటారు?"

"ఉన్నది ఉన్నట్టే అనుకుంటారు."

"నువ్వేమన్నా ఈ బండకు ఓనరా?"

"కాదు. నువ్వూ కాదు."

అన్న కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. శిల్పి మా ఇద్దరి వైపూ చూడకుండా, పగులు దగ్గర వేలు పెట్టి, లోపల స్టీలు కడ్డీలు వేసి అతికిస్తే నిలబడుతుందన్నాడు. కొత్త రాయి చెక్కించుకుంటే అందంగా ఉంటుంది కదా అని అడిగాడు గానీ, నేను ఇదే కావాలన్నాను.

పని జరుగుతుండగా ఒక రోజు వెళ్లాను. ఒక రైతు సంఘం అధ్యక్షుడు తను చేయిస్తున్న నాయకుడి విగ్రహం చూసుకోవడానికి వచ్చి ఉన్నాడు. బండ సంగతి విని ఆయనకు ఉత్సాహం వచ్చింది.

"మంచి పని మేడమ్. ఇంత గొప్పాయనకు మనం విగ్రహమే పెట్టల్ల. మార్కెట్ యార్డులో పెడదాం. కింద మన సంఘం పేరు, మన నాయకుని పేరు ఏయిద్దాం. పెద్ద మీటింగు పెడదాం."

"సమాధి దగ్గరే రాయి పెడుతున్నాం కదండీ. అక్కడికే రండి."

"సమాధుల్లోకి మనోళ్లు ఎవురొస్తారు మేడమ్?" అని నవ్వి, కాస్త గొంతు తగ్గించి, "ఇంతకూ ఆయప్ప ఏమిటోళ్లు?" అన్నాడు.

నేను చెప్పాను. చెప్పకూడదనిపించింది, అయినా దాచే పని నేనెందుకు చెయ్యాలని స్పష్టంగా చెప్పాను. ఆయన మొహంలో ఏదో లెక్క మారడం కళ్లారా చూశాను. "సరే, కమిటీలో మాట్లాడి చెప్తా" అన్నాడు. ఫోన్ నంబరు కూడా తీసుకోలేదు. జొన్నకు పట్టిన కాటుక కాస్త గంధకంతో పోయింది. మనుషులకు పట్టింది ఇంకా అలాగే ఉందని ఆయన వెనక నుంచి అరిచి చెప్పాలనిపించింది. అరవలేదు. అందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

బండ సిద్ధమైన రోజు అన్నకు ఫోన్ చెయ్యలేదు. వేరే బండి మాట్లాడుకుందామని అనుకున్నాను. పొద్దున్నే ఆవరణ ముందు అన్న ట్రాక్టరు ఉంది.

"శిల్పి చెప్పినాడు. బేగా ఎక్కించండి, ఎండొస్తే కష్టం" అన్నాడు. బండ అడుగున చూశాడు, ఖాళీ అలాగే ఉంది. చేత్తో ఒకసారి తడిమాడు. దారిలో శిరివెళ్ల దాటాక, "మన ఊరోళ్లకు కొంతమందికి చెప్పినా. ఆటోలో వస్తాండారు" అన్నాడు.

"ఏమని చెప్పావు?"

"మన చేన్లో పని మొదలుపెట్టిన సారు రాయి నిలబెడతాండాం, రాండి అన్నా."

"పేరు లేదని చెప్పావా?"

"నోరు రాల్యా."

సమాధుల తోటలో కావలి ముసలాయన అప్పటికే కంపలు కొట్టి దారి చేసి ఉంచాడు. శిల్పి, ఆయన మనుషులిద్దరూ, అన్న, ముసలాయన కలిసి బండను దిమ్మె మీదికి ఎక్కించి సిమెంటు పెట్టారు. చాగలమర్రి నుంచి నా పాత విద్యార్థి తన భార్యాపిల్లలతో వచ్చాడు. పిల్లలు కంకి మీద వేళ్లు పెట్టి గింజలు లెక్కపెడుతున్నారు. అతికిన చోట సన్నటి గీత కనిపిస్తోంది. శిల్పి దాన్ని దాచడానికి ప్రయత్నించలేదు, అందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

మా ఊరి ఆటో వచ్చింది. ఏడుగురు దిగారు. అందరూ నాకు వరసయ్యేవాళ్లే. గేటు దగ్గరే ఆగారు. అన్న చెయ్యి ఊపి పిలిచాడు. ఇద్దరు వచ్చారు, ఒక చిన్నాన్న, ఒక వదిన. మిగతా ఐదుగురు గేటు బయటే నిలబడ్డారు. ఏమని అడిగితే వదిన, "లోపలికొస్తే ఇంటికి పోయి నీళ్లు పోసుకోవల్లంట. ఇయ్యాల ఎవరింట్లోనో ముహూర్తం ఉందంట" అంది. మన శ్మశానానికి పోతే పోసుకునే నీళ్లే కదా, ఇక్కడికి వస్తే బరువయ్యాయా అన్నాను. ఆమె లోపలికి వచ్చిన మనిషి, ఆమెను అనడం తప్పే.

చిన్నాన్న, "నువ్వు టీచరమ్మవు కదా, రెండు మాటలు చెప్పు" అన్నాడు.

చెప్పాను. గంధకం సంగతి, చేను మధ్యలో తాడు సంగతి చెప్పాను. ఈసారి చెంబు సంగతి కూడా చెప్పాను. ఎవరి అరుగో, ఎవరు పోశారో కూడా చెప్పాను. నా విద్యార్థి నన్ను కొత్తగా చూశాడు. అతని భార్య పిల్లలను దగ్గరికి లాక్కుంది. కావలి ముసలాయన కంప కొట్టే కత్తి కింద పెట్టి నిలబడి విన్నాడు.

తర్వాత బండ మీద ఉన్నది చదివాను. వెనక బెంచీల వాళ్లకు వినపడడానికి ముప్పై ఏళ్లు వాడిన గొంతుతో, గేటు బయటికి వినపడేలా చదివాను. ముందు ఆయన పేరు. తర్వాత రైతులు వేయించారన్న వరస. తర్వాత ఊళ్లు, ఒక్కొక్కటిగా, ప్రతి పేరు దగ్గరా ఆగుతూ. పక్క ఊరి పేరు వచ్చింది. దాని పక్క ఊరిది వచ్చింది. ఆఖరి పేరు చదివి నోరు మూశాను.

గేటు దగ్గర నుంచి ఎవరో, "మన ఊరు రాల్యా కదా" అన్నారు.

నేను జవాబు చెప్పబోయాను. అన్న నా కంటే ముందు మాట్లాడాడు. వెనక్కి తిరగకుండా, బండ వైపే చూస్తూ, "ల్యా. లేదు కాబట్టే రాల్యా. నమ్మకం లేకుంటే లోపలికొచ్చి సూసుకోండి" అన్నాడు.

ఎవరూ రాలేదు. కాసేపటికి ఆటో స్టార్టయిన చప్పుడు వినిపించింది.